పాట వినే చెవికి హోరు పట్టకుండా: ఇయర్‌బడ్స్, హెడ్‌ఫోన్, స్పీకర్, ఇయర్‌ప్లగ్గుల్లో ఎవరికి ఏది?

దక్షిణ ఒడిశాలోని రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం వెళ్లే రైల్లో కిటికీ పక్కన కూర్చుని పాటలు వినే విద్యార్థి, గుణుపురం బస్సులో రోజూ బడికి వెళ్లివచ్చే ఉపాధ్యాయురాలు, బరంపురంలో కొట్టు కట్టేసి ఇంటికి చేరాక పాత పాటలు పెట్టుకునే వ్యాపారి. ముగ్గురూ ఫోన్ల దుకాణానికి వెళ్లి అడిగే ప్రశ్న ఒకటే: ‘వీటిలో ఏది మంచిది?’ దుకాణదారు బాస్ (పాటలోని లోతైన స్వరాల మోత) గురించి చెబుతాడు, ఛార్జింగు ఎన్ని గంటలు నిలుస్తుందో చెబుతాడు, ముగ్గురికీ ఒకే వస్తువు చూపిస్తాడు. ఆ ముగ్గురి చెవులకు ఎదురయ్యే చప్పుడు మాత్రం ఒకటి కాదు. కనుక వారికి సరిపడే వస్తువూ ఒకటి కాదు.

బయట ఏ శబ్దమూ లేకపోయినా చెవిలో గుయ్యిమనే మోత, ఎడతెగని హోరు, కీచురాయి రొద వంటి సన్నని ధ్వని వినిపించడాన్ని వైద్యులు టినిటస్ అంటారు. పెద్దల్లో పదిమందికి ఒకరికైనా ఇది ఏదో ఒక స్థాయిలో ఉంటుంది. చాలామంది దానితో సర్దుకుపోగలుగుతారు. కొందరికి నిద్ర, చదువు, పని అన్నీ దెబ్బతింటాయి. దాన్ని పూర్తిగా పోగొట్టే మందు ఇంతవరకు లేదు. శబ్దం వల్ల వచ్చే హోరును ముందే ఆపుకోవచ్చు కాబట్టి, కొనే రోజునే కొంచెం ఆలోచించమని ఇంతగా అడుగుతున్నాను.

నా తీర్పు ముందే చెబుతాను. వాల్యూమ్ ఎంత పెంచుతామన్నది చాలావరకు మన చుట్టూ ఉన్న చప్పుడే తేలుస్తుంది. ఆ చప్పుడును చెవి దాకా రానివ్వని వస్తువును ఎంచుకుంటే వాల్యూమ్ దానంతట అదే దిగుతుంది. పాట కోసం కొనే వస్తువుకు ధర, పేరు, రంగు అన్నీ దీని తర్వాతే.

కొనేముందు చూసుకోవలసినవి

మొదటిది శబ్దం మోతాదు. ఎంత గట్టిగా విన్నాం, ఎంతసేపు విన్నాం అన్న రెండూ కలిస్తేనే మోతాదు. శబ్ద తీవ్రతను కొలిచే ప్రమాణం డెసిబెల్. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే హద్దు వారానికి 80 డెసిబెళ్ల వద్ద 40 గంటలు. పిల్లలకైతే 75 డెసిబెళ్ల వద్ద 40 గంటలు. డెసిబెళ్లు మూడు పెరిగితే చెవిన పడే శబ్దశక్తి రెట్టింపవుతుంది, వినదగిన సమయం సగానికి పడిపోతుంది. ఆ లెక్కన పెద్దలకు వారం మొత్తానికి ఇలా వస్తుంది:

| శబ్దం (డెసిబెళ్లు) | వారానికి వినదగిన సమయం |
|---|---|
| 80 | 40 గంటలు |
| 83 | 20 గంటలు |
| 86 | 10 గంటలు |
| 89 | 5 గంటలు |
| 92 | రెండున్నర గంటలు |
| 95 | గంటంబావు |
| 98 | సుమారు 38 నిమిషాలు |
| 101 | సుమారు 19 నిమిషాలు |

ఈ పట్టికలో పాట ఒక్కటే లెక్కకు రాదు. ఆ వారంలో చెవిన పడిన మిల్లు హోరు, పెళ్లి డప్పు, పడవ ఇంజను అన్నీ ఒకే ఖాతాలో పడతాయి. జేకేపూర్ కాగితం మిల్లులోనో, తేరుబలి ఫెర్రో మిశ్రమాల కర్మాగారంలోనో యంత్రాల పక్కన పనిచేసేవారు ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. మన ఫ్యాక్టరీ నిబంధనలు 8 గంటల పనికి అనుమతించే గరిష్ఠం 90 డెసిబెళ్లు. వారానికి 40 గంటలు అంత శబ్దంలో చెవులు కప్పుకోకుండా గడిపితే, అది పై హద్దుకు పది రెట్ల మోతాదు. అలాంటివారికి పని దిగాక పాట కోసం మిగిలే వాటా ఏమీ ఉండదు. వారు ముందు కొనవలసింది పనిలో చెవులు కప్పే సాధనం. పాటలు వినే వస్తువు ఆ తర్వాత.

చేతిలో కొలిచే పరికరం లేకపోతే ఒక గుర్తు: చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషికి వినపడాలంటే గొంతు పెంచవలసి వస్తోందా? అయితే అక్కడ సుమారు 85 డెసిబెళ్లు, లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నట్టే. గోపాలపురం తీరంలో ఇంజను పడవల మీద వేటకు వెళ్లే మన మత్స్యకారులకు ఈ గుర్తు బాగా పనికొస్తుంది. ఇంజను పక్కన కేకలు వేసుకుంటూ గడిపిన పూట, ఒడ్డుకు వచ్చాక చెవులకు విరామం ఇవ్వాలి.

రెండోది, వినే చోట చప్పుడు. మూడోది, చుట్టుపక్కల వినపడవలసిన అవసరం: రోడ్డు మీద నడిచేవారికి హారన్ వినపడాలి, ఇంట్లో పసిబిడ్డ ఉన్న తల్లికి ఏడుపు వినపడాలి. నాలుగోది, ఇప్పటికే చెవిలో హోరు ఉందా లేదా. హోరు ఉన్నవారి ఎంపిక కొన్ని చోట్ల తలకిందులవుతుంది, అందుకే వారికి విడిగా రాశాను.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఈ కొలతల మీద నమ్మకం కుదురుతుంది. లోపలి చెవిలో కోక్లియా అనే నత్తగుల్ల ఆకారపు భాగం ఉంటుంది. అందులో సుమారు 15 వేల రోమకణాలు శబ్దాన్ని నాడీ సంకేతంగా మారుస్తాయి. మనుషుల్లో అవి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. పెద్ద శబ్దానికి సాధారణంగా ముందు దెబ్బతినేవి 4,000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) చుట్టుపక్కల ఉండే పైస్వరాలను పట్టే కణాలు. అందుకే మాట వినపడుతూనే ఉంటుంది కానీ స, ష, ఫ వంటి హల్లులు జారిపోతాయి. చెవి నుంచి రావలసిన సంకేతం తగ్గినప్పుడు మెదడు తన స్పందనను పెంచుకుంటుందనీ, ఆ పెరుగుదలే హోరుగా వినిపిస్తుందనీ ఎక్కువమంది పరిశోధకులు భావిస్తున్నారు.

ఊరేగింపు తర్వాత చెవులు గింగురుమని తెల్లారేసరికి సర్దుకుంటే ‘ఏమీ కాలేదు’ అనుకోవడం మామూలు. 2009లో చిట్టెలుకల మీద జరిగిన పరిశోధనలో వినికిడి తిరిగి మామూలైన తర్వాత కూడా రోమకణాలకూ నాడికీ మధ్య అతుకులు శాశ్వతంగా తెగిపోయినట్టు తేలింది. మనిషి చెవి ఎలుక చెవి కాదు, నిజమే. అయినా ఆ గింగురును హెచ్చరికగా తీసుకోవడమే మేలు.

వినే పరికరాలు: ఒక్కొక్కటీ

*చెవి అంచున ఆగే ఇయర్‌ఫోన్, రబ్బరు మూత లేని బడ్స్.* ఇవి చెవి రంధ్రాన్ని మూయవు. ఇంట్లో, నిశ్శబ్దంగా ఉండే గదిలో హాయిగా ఉంటాయి, బయటి మాటా వినపడుతుంది. బస్సులోకి తీసుకెళ్తే మాత్రం ఇవే అన్నిటికన్నా చెడ్డ ఎంపిక. లెక్క చూడండి. కిటికీలు తెరిచిన బస్సులోనో రైలు పెట్టెలోనో చప్పుడు సుమారు 80 డెసిబెళ్లు ఉందనుకుందాం. పాటలో మాటలు తెలియాలంటే దాన్ని ఆ చప్పుడు మీదికి, 86కో 89కో తేవాలి. రోజుకు రెండు గంటల చొప్పున వారానికి ఆరు రోజులు ప్రయాణిస్తే 12 గంటలు. 89 వద్ద హద్దు 5 గంటలే. కోరాపుట్ – రాయగడ దారిలో రైలు సొరంగాల్లోకి దూరినప్పుడు హోరు ఇంకా పెరుగుతుంది, వేలు మళ్లీ వాల్యూమ్ మీదికి వెళ్తుంది, సొరంగం దాటాక తగ్గించడం ఎవరికీ గుర్తుండదు.

*రబ్బరు మూతతో చెవిలో ఒదిగేవి.* సిలికాన్ మూత చెవి రంధ్రానికి సరిగ్గా సరిపోతే బయటి చప్పుడు 15 నుంచి 25 డెసిబెళ్ల దాకా తగ్గుతుంది. అదే బస్సులో చెవి లోపలికి వచ్చే చప్పుడు అరవై చిల్లరకు దిగుతుంది. పాటను 70 వద్ద పెట్టుకున్నా ప్రతి మాటా తెలుస్తుంది. వందల రూపాయల్లో దొరికే వైరు ఇయర్‌ఫోన్ కూడా ఈ పని చేస్తుంది. తక్కువ ఖర్చుతో చెవికి ఎక్కువ మేలు చేసేది ఇదేనని నా గట్టి నమ్మకం. ఒక షరతు: పెట్టెలో వచ్చే మూడు జతల మూతల్లో మీ చెవికి సరిపడేదాన్ని వెతుక్కోవాలి. కుడి చెవికి ఒక కొలత, ఎడమ చెవికి ఇంకో కొలత పట్టడం కూడా మామూలే. వదులుగా ఉంటే బాస్ పోతుంది, బాస్ పోతే వాల్యూమ్ పెంచుతారు.

వీటికి లోపాలూ ఉన్నాయి. గుబిలి బయటికి రాకుండా లోపలికి నెట్టుకుపోవచ్చు. గుబిలి గట్టిపడి చెవి మూసుకుపోతే దానివల్లే హోరు రావచ్చు. చెవిలో చీము కారేవారు, కర్ణభేరికి చిల్లు ఉన్నవారు వీటిని వాడకూడదు. రోడ్డు దాటేటప్పుడు, లెవెల్ క్రాసింగ్ దగ్గర, బండి నడిపేటప్పుడు వీటిని తీసేయాల్సిందే.

*నెక్‌బ్యాండ్, వైర్లు లేని బడ్స్.* చెవికి సంబంధించినంతవరకు ఇవి వేరే రకం కాదు. మూత ఉందా లేదా అన్నదే చూడాలి. కిక్కిరిసిన బస్సుల్లో జారిపోకుండా నెక్‌బ్యాండ్ మెడ మీద నిలుస్తుంది, అంతే తేడా.

*నాయిస్ క్యాన్సిలింగ్.* బయటి శబ్దాన్ని మైకుతో పట్టి, దానికి ఎదురు తరంగాన్ని పుట్టించి, రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకునేలా చేసే ఏర్పాటు. ఇంజను గుర్రుమనడం, రైలు చక్రాల మోత వంటి ఒకే తీరున సాగే లోతైన శబ్దాల మీద బాగా పనిచేస్తుంది. హారన్, పక్కసీటు కబుర్లు, పిల్లల ఏడుపు వంటివాటి మీద అంతగా పనిచేయదు. రోజూ రెండు మూడు గంటలు ప్రయాణించే వారికి ఇది పెట్టుబడికి తగినదే. ఇప్పుడు రెండు వేల రూపాయల లోపు కూడా దొరుకుతున్నాయి, అయితే చౌక రకాల్లో ఈ పని అంతంత మాత్రంగానే సాగుతుంది. డబ్బు తక్కువైతే చౌక నాయిస్ క్యాన్సిలింగ్ కన్నా చెవికి బాగా అతికే మంచి రబ్బరు మూతల ఇయర్‌ఫోన్‌కే నా ఓటు. ఇది పాట వినడానికి చేసిన వస్తువు. మిల్లులోనో డీజే పక్కనో చెవికి రక్షణ అనుకుని దీన్ని పెట్టుకోకూడదు.

*చెవులు మొత్తం కప్పే హెడ్‌ఫోన్.* చెవి రంధ్రంలో ఏమీ దూర్చుకోనక్కరలేదు కాబట్టి గుబిలి, దురద సమస్యలు ఉన్నవారికి అనుకూలం. దిండు మెత్తగా, చెవి చుట్టూ పూర్తిగా ఆనేలా ఉండాలి. వేసవిలో చెమట పడుతుంది, బస్సులో మోసుకు తిరగడం కష్టం. ఇంట్లో చదువుకుంటూ వినేవారికి మంచిది. చెవి మీద ఆనుకునే చిన్న దిండ్ల రకం చప్పుడును పెద్దగా ఆపదు, దాన్ని లెక్కలోంచి తీసేయవచ్చు.

*ఎముక ద్వారా శబ్దం పంపే రకం.* ‘చెవిలో ఏమీ పెట్టం కాబట్టి చెవికి హాని లేదు’ అని ప్రచారం జరుగుతోంది. కంపనం పుర్రె ఎముక ద్వారా వెళ్లినా చివరికి చేరేది అదే కోక్లియాకు, అవే రోమకణాలకు. చెవి తెరిచే ఉంటుంది కాబట్టి చప్పుడున్న చోట వాల్యూమ్ పెంచే బెడద ఇక్కడా ఉంది. తెల్లవారుజామున నిశ్శబ్దపు వీధిలో నడకకు వెళ్లేవారికి, చెవిలో చీము సమస్య ఉన్నవారికి ఇవి సరిపోతాయి.

*స్పీకర్, రేడియో.* ఇంట్లో నిదానంగా వినేవారికి నేను మొదట చెప్పేది ఇదే. బల్ల మీద పెట్టి రెండు మీటర్ల దూరంలో కూర్చుంటే, మామూలు మాటల స్థాయిలోనే పాట బాగుంటుంది. జయపురం, బరంపురం ఆకాశవాణి వినే అలవాటు ఉన్న ఇళ్లలో ఎవరి చెవికీ వేరే జాగ్రత్త అక్కరలేదు. ఇంట్లో పెద్దవారు టీవీ వాల్యూమ్ రోజురోజుకూ పెంచుతుంటే దాన్ని అలవాటు కింద కొట్టేయకండి, వినికిడి తగ్గుతోందనడానికి అది గుర్తు కావచ్చు. పెద్ద స్పీకర్ కొనడం దానికి పరిష్కారం కాదు, వినికిడి పరీక్ష చేయించాలి.

ఏది కొన్నా పాటించవలసిన పద్ధతి ఒకటుంది. ఇంట్లో ఫ్యాను ఆపి, తలుపు వేసి, పాట మాటలు స్పష్టంగా తెలిసేంత మట్టుకు వాల్యూమ్ పెట్టండి. గీత ఎక్కడుందో చూసుకోండి. బస్సులోనూ దాన్ని దాటకండి. దాటకుండా పాట వినలేకపోతున్నారంటే మీరు కొన్న వస్తువు ఆ చోటుకు సరిపోదన్నమాట. ‘నూటికి అరవై శాతం వాల్యూమ్, అరవై నిమిషాలు’ అన్న సూత్రం చాలామంది చెబుతారు. గుర్తుంచుకోవడానికి బాగుంటుంది కానీ ఒక ఫోనులో అరవై శాతం, ఇంకో ఫోనులో అరవై శాతం ఒకటే శబ్దం కావు. ఐఫోనులో హెడ్‌ఫోన్ శబ్దాన్ని డెసిబెళ్లలో చూపే ఏర్పాటు, ఒక హద్దు దాటకుండా ఆపే ఏర్పాటు ఉన్నాయి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో వాల్యూమ్ హెచ్చరిక వస్తుంది. దాన్ని చూడకుండానే ‘సరే’ నొక్కేయకండి.

ఇంకొక మాట. ఒక చెవిలో మాత్రమే పెట్టుకుని వినే అలవాటు మన దుకాణాల్లో, ఆటోల్లో బాగా ఉంది. రెండు చెవులతో విన్నప్పుడు తక్కువ శబ్దమే పెద్దగా వినిపిస్తుంది. ఒక చెవితో వింటే ఆ లోటు తీర్చుకోవడానికి వాల్యూమ్ పెరుగుతుంది. ఆ భారమంతా రోజూ అదే చెవి మోస్తుంది.

డీజే, ఊరేగింపు, యాత్ర: చెవిని కాచుకునే దారులు

వాల్యూమ్ మన చేతిలో లేని చోట్లు ఇవి. పర్లాకిమిడిలో పెళ్లి ఊరేగింపు, వినాయక నిమజ్జనం, బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్ర. అమ్మవారి జాతరకు వెళ్లొద్దని ఎవరూ అనలేరు, నేనూ అనను. డీజే పెట్టెల ముందు శబ్దం 100 డెసిబెళ్లు దాటడం మామూలు. పట్టికలో చూడండి, 101 దగ్గర వారానికి ఉన్నది 19 నిమిషాలే.

| ఉపాయం | తగ్గే శబ్దం | పాట వినపడే తీరు |
|---|---|---|
| దూది | చాలా కొద్దిగా | మామూలుగానే. రక్షణ ఉందన్న భ్రమ మిగులుతుంది |
| దూరం జరగడం | దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెళ్లు | ఏ మార్పూ ఉండదు |
| నురుగు ఇయర్‌ప్లగ్గు | సరిగ్గా పెడితే 15 నుంచి 25 | మందంగా, పైస్వరాలు తగ్గి |
| సంగీతకారుల ఇయర్‌ప్లగ్గు | 10 నుంచి 20 | స్వరాల తూకం నిలిచి, మొత్తం మీద తగ్గి |
| చెవులు కప్పే ఇయర్‌మఫ్ | సుమారు 20 | మందంగా |

పైసా ఖర్చు లేనిది దూరం. పెట్టెలకు రెండు మీటర్ల దూరంలో ఉన్నవారు పదహారు మీటర్లకు జరిగితే బహిరంగ మైదానంలో 18 డెసిబెళ్లు తగ్గుతుంది. ఇరుకు వీధిలో గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి కాబట్టి తగ్గుదల అంత ఉండదు, అయినా జరగడమే మేలు. పెట్టెలకు ఎదురుగా కాకుండా పక్కకో వెనక్కో ఉండాలి. గంటకోసారి పది నిమిషాలు పక్క వీధిలోకి వెళ్లి నిలబడండి.

నురుగు ప్లగ్గు జత పదుల రూపాయల్లో వస్తుంది. పెట్టె మీద ముప్పై డెసిబెళ్లని రాసి ఉన్నా, చాలామంది సరిగ్గా పెట్టుకోరు కాబట్టి సగమే దక్కుతుందని లెక్కవేసుకోవడం మంచిది. సగమైనా తక్కువేమీ కాదు: 101 కాస్తా 86 అవుతుంది, 19 నిమిషాల చోట 10 గంటలు వస్తాయి. పెట్టుకునే తీరు ముఖ్యం. వేళ్ల మధ్య సన్నగా చుట్టాలి. రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగాలి. అప్పుడు దూర్చి, అది లోపల ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి ఉంచాలి. సగం బయటికి కనిపిస్తుంటే అది పనిచేయదు.

సంగీతకారుల ప్లగ్గు కొన్ని వందల నుంచి రెండు మూడు వేల దాకా ఉంటుంది, మన చిన్న ఊళ్లలో దుకాణాల్లో అరుదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. ఏడాదికి రెండు పెళ్లిళ్లకు వెళ్లేవారికి ఆ ఖర్చు అక్కరలేదు, నురుగువి చాలు. బ్యాండు మేళంలో, డోలు సన్నాయి మేళంలో, డీజే బండి మీద పనిచేసేవారికి మాత్రం ఇది పనిముట్ల కింద లెక్క. డోలు, డప్పు వాయించేవారు వీటికి తొందరగానే అలవాటు పడగలరు. సన్నాయి, క్లారినెట్, ట్రంపెట్ ఊదేవారి సంగతి వేరు. చెవి మూసుకుంటే తమ వాయిద్యం ధ్వని దవడ ఎముకల గుండా లోపలికి చేరి బుర్రలో గుబగుబలాడుతుంది, శ్రుతి పట్టడం కష్టమవుతుంది. ఇలాంటివారు చెవి అచ్చు తీయించి లోతుగా కూర్చునే ప్లగ్గు చేయించుకుంటే ఆ గుబగుబ తగ్గుతుంది. అంత ఖర్చు పెట్టలేకపోతే డోలుకు ఎదురుగా చెవి పెట్టకుండా నిలబడే చోటు మార్చుకోవడం, డోలు వైపు చెవికి మాత్రమే ప్లగ్గు పెట్టుకోవడం చేయవచ్చు. పెళ్లిళ్ల ముహూర్తాల కాలంలో వరుసగా వాయించేవారి చెవులే మన ఊళ్లలో అందరికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్నాయి. మేళం పెద్దలు ఈ విషయం తమ కుర్రవాళ్లకు చెప్పాలని నా విన్నపం.

పసిపిల్లలకు నురుగు ప్లగ్గు వద్దు, నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడుతుంది. పిల్లల కొలతలో దొరికే ఇయర్‌మఫ్ మంచిది, అసలు తీసుకెళ్లకపోవడం ఇంకా మంచిది.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పండుగలకు ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. ఒడిశా, ఆంధ్ర సరిహద్దుకు ఇటూ అటూ ఇవే నియమాలు. ఇంట్లో రోగి ఉంటే 112కు ఫోను చేయడానికి మొహమాటపడనక్కరలేదు.

ఇప్పటికే చెవిలో హోరు ఉన్నవారికి

ఇక్కడ ఎంపిక తలకిందులవుతుందని పైన అన్నాను. హోరు మొదలైనవారు భయంతో చేసే మొదటి పని ఇల్లంతా నిశ్శబ్దం చేసుకోవడం, చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని పడుకోవడం. దానివల్ల హోరు మరింత పెద్దగా వినిపిస్తుంది. రోజంతా చెవులు మూసుకుంటే మామూలు శబ్దాలు కూడా భరించలేని స్థితి రావచ్చు. ప్లగ్గులు డీజే దగ్గర, మిల్లులో ఉంచుకోండి. ఇంట్లో వద్దు.

రాత్రి పూట చిన్నగా ఏదో ఒక శబ్దం ఉండనివ్వండి: ఫ్యాను, తక్కువ వాల్యూమ్‌లో రేడియో, ఫోనులో వాన చప్పుడు. దాన్ని హోరును మింగేసేంత పెంచకూడదు. హోరు కొద్దిగా వినపడుతూనే, దాని అంచు మొద్దుబారేంత మట్టుకు చాలు. దీనికి ఇయర్‌బడ్స్ పెట్టుకుని నిద్రపోవడం కన్నా మంచం పక్కన చిన్న స్పీకర్ నయం. నాయిస్ క్యాన్సిలింగ్ వస్తువు ఉన్నవారు నిశ్శబ్దపు గదిలో పాట లేకుండా దాన్ని పెట్టుకోవద్దు, లోపలి మోత ఒక్కటే మిగులుతుంది. పాటలు మానేయనవసరం లేదు. తక్కువ శబ్దంతో వినే పాట హోరు ఉన్నవారికి తోడే.

చికిత్సల్లో దేనికి ఎంత బలముందో చెప్పాలి. వినికిడి కూడా తగ్గి ఉంటే వినికిడి యంత్రం పెట్టుకోవడం చాలామందికి హోరును వెనక్కి నెడుతుంది. హోరు వల్ల కలిగే ఆందోళన, నిద్రలేమి తగ్గించడంలో ఎక్కువ ఆధారాలు ఉన్నది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి, అంటే ఆలోచనల, అలవాట్ల తీరును మార్చుకోవడం నేర్పే మాటల చికిత్సకు. అది హోరును ఆపదు, హోరుతో మనసు పెట్టుకునే పోరును తగ్గిస్తుంది. మన జిల్లాల్లో ఆ నిపుణులు తక్కువ. మనసు బాగా కుంగిపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. జింకో బిలోబా, జింకు, మెలటోనిన్ మాత్రలను హోరు కోసం వాడమని సిఫారసు చేయవద్దని అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2014లోనే తన మార్గదర్శకాల్లో రాసింది. వాటికి పెట్టే డబ్బుతో వినికిడి పరీక్ష చేయించుకోండి. చెవిలో వేడి నూనె పోయించుకోవద్దు. కర్ణభేరికి చిల్లు ఉంటే అది మరింత హాని.

అన్ని హోరులూ శబ్దం వల్ల రావు. రాయగడ, కోరాపుట్, గజపతి కొండ ప్రాంతాల్లో మలేరియా కొత్త కాదు. క్వినైన్ తీసుకున్నప్పుడు చెవిలో హోరు రావడం ఆ మందుకు బాగా తెలిసిన దుష్ప్రభావం. క్లోరోక్విన్‌తోనూ రావచ్చు. ఎక్కువ మోతాదు ఆస్పిరిన్, జెంటామైసిన్, క్షయకు వాడే స్ట్రెప్టోమైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు కూడా చెవి మీద పనిచేస్తాయి. మందు మొదలుపెట్టాక హోరు వచ్చిందంటే వెంటనే వైద్యునికి చెప్పండి, సొంతంగా మందు ఆపకండి.

కొన్ని లక్షణాలకు ఆలస్యం పనికిరాదు. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకుండా పోతే అది అత్యవసరం. స్టెరాయిడ్ చికిత్స తొలి రోజుల్లో మొదలైతేనే ఎక్కువ ఫలితం, రెండు వారాలు దాటితే అవకాశం బాగా తగ్గుతుంది. ‘జలుబు చేసి చెవి దిబ్బడ వేసింది’ అనుకుని ఆగకండి. ఒక చెవిలోనే హోరు, గుండె చప్పుడుతో పాటు కొట్టుకునే హోరు, కళ్లు తిరగడం, ముఖం ఒక పక్క వాలడం వంటివి ఉన్నా వైద్యుణ్ని చూడాలి.

పిల్లలకు

‘85 డెసిబెళ్లు దాటదు’ అని పెట్టె మీద రాసిన పిల్లల హెడ్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఏ హద్దూ లేనివాటికన్నా మెరుగే. పిల్లలకు చెప్పిన 75 కన్నా అది 10 డెసిబెళ్లు ఎక్కువ, అంటే పది రెట్ల శక్తి. ఆ గరిష్ఠంలోనే వింటే వారానికి 4 గంటలకు మించకూడదు. పాఠాల వీడియోలకు ఇంట్లో ఫోను స్పీకర్ వాడనివ్వండి. ప్రయాణంలో అయితే రబ్బరు మూతల చిన్న కొలత, పైన చెప్పిన ఇంటి వాల్యూమ్ గీత.

పరీక్షకు ఎక్కడికి?

బరంపురం, ఛత్రపురం వైపు వారికి ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి దగ్గర. కోరాపుట్, జయపురం వారికి కోరాపుట్‌లోని శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల. పర్లాకిమిడి, గుణుపురం వారికి శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి అందుబాటులో ఉంటుంది. రాయగడ నుంచి చాలామంది విశాఖకే రైలెక్కుతారు, అక్కడ చెవి ముక్కు గొంతుకే ప్రత్యేకంగా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. దగ్గర ఆసుపత్రిలో తిరిగి చూపించుకోవడం తేలిక. విశాఖలో అయితే బాధను సొంత భాషలో విడమరిచి చెప్పవచ్చు. హోరు బయటికి వినపడే జబ్బు కాదు, వైద్యునికి మన మాటే ఆధారం కాబట్టి ఆ సౌకర్యం చిన్నదేమీ కాదు. ఉన్నట్టుండి వినికిడి పోయినప్పుడు మాత్రం ఈ లెక్కలేవీ వేయకండి, ఏది దగ్గరైతే అక్కడికే వెళ్లండి.

వెళ్లేముందు నాలుగు విషయాలు కాగితం మీద రాసుకోండి: హోరు ఏ చెవిలో, ఎప్పటినుంచి, ఎడతెగకుండానా వచ్చి పోతూనా, ఏయే మందులు వాడుతున్నారు. పని చేసే చోట చప్పుడు ఉంటే అదీ చెప్పండి. ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేశాక ఇచ్చే ఆడియోగ్రామ్ గీతల రూపంలో ఉంటుంది, ఒడిశాలో తీసినా ఆంధ్రలో తీసినా ఏ ఈఎన్‌టీ వైద్యుడైనా చదవగలడు. దాన్ని ఫోనులో ఫొటో తీసి దాచుకోండి. మిల్లులో పనిచేసేవారు, మేళగాళ్లు ఏడాదికోసారి పరీక్ష చేయించుకుని కొత్త గీతను పాతదాని పక్కన పెట్టి చూపించాలి. 4,000 హెర్ట్జ్ దగ్గర గీత కిందికి వంగడం మొదలైతే, మాటలు వినపడని దశ రాకముందే అది అక్కడ కనిపిస్తుంది.